గిటారు కొట్టి చూసిన మావయ్యగారు

మొన్న మా మనవరాలికి గిటారు కొందామని విశాఖపట్నంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం. గోడ నిండా గిటార్లే. అమ్మే అమ్మాయి ఒకటి దించి, "ఇది వింటేజ్ స్టైల్ అంకుల్. కొత్తదే గానీ పాతకాలం దానిలా చేస్తారు. స్టీల్ తీగలు" అంది. చిన్న పొట్ట, సన్నటి నడుము, జారిన భుజాలు, మెరుపు లేని గోధుమరంగు. నేను దాన్ని అందుకుని, వెనక్కి తిప్పి, నడివేలు మడిచి కణుపుతో దాని వీపు మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. దుకాణంలో వాళ్లందరూ నా వంక చూశారు. మా మనవరాలు "తాతయ్యా, ప్లీజ్" అని రెండడుగులు దూరం జరిగింది. నేనేం చేస్తున్నానో అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ అలవాటు నాది కాదు, అంబాజీపేటలో మా పక్క వాటా మావయ్యగారిది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

మావయ్యగారంటే నాకు చుట్టమేమీ కాదు. డెబ్భైల మధ్యలో నాకు అంబాజీపేట పోస్టాఫీసులో గుమాస్తా ఉద్యోగం వస్తే వాళ్ల పక్క వాటాలో అద్దెకు దిగాను. దిగిన రోజే వాళ్లావిడ మజ్జిగ తెచ్చిచ్చి, మీదే ఊరు, మీ అమ్మగారి పుట్టిల్లేది అని మొదలుపెట్టి, పావుగంటలో ఏదో వరస కలిపి నన్ను అల్లుణ్ణి చేసేశారు. అప్పట్నుంచి ఆవిడ అత్తయ్యగారు, ఆయన మావయ్యగారు. ఆయన మాత్రం నన్ను "అబ్బాయిగారూ" అనే పిలిచేవారు. నాకు ఇరవైనాలుగు, ఆయనకి యాభై. అయినా అండీ తగిలించకుండా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అరుగెక్కిన మేకని కూడా "అలా దిగండి" అని అదిలించే మనిషి.

ఆయన పని కొబ్బరికాయలు ఎంచడం. వ్యాపారి కొట్లో రాశి ముందు పీట వేసుకుని కూర్చుని, రెండు చేతులతో రెండు కాయలు తీసి, ఒకదానికొకటి తాటించి, ఆ చప్పుడు విని, కుడికో ఎడమకో వెనక్కో విసిరేవారు. కుడివైపువి లారీలెక్కి దూరం వెళ్లే ముదురు కాయలు. ఎడమవైపువి ఊళ్లో అమ్ముకునేవి. వెనకవి కురిడీకి. అటక మీద నెలల తరబడి ఉంచితే కాయలో నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, ఊపితే లోపల గడగడలాడుతుంది. దాన్నే కురిడీ అంటారు. ఇదంతా ఆయన కళ్లు మూసుకుని చేసేవారు. ఎందుకని అడిగితే, "చూస్తే మోసపోతామండి. కాయ రంగు మారుస్తుంది గానీ గొంతు మార్చలేదండి" అన్నారు.

ఇంటికొచ్చాక కూడా ఆ వేలు ఊరుకునేది కాదు. కుండ, తలుపు, గుమ్మడికాయ, బస్సు రేకు, పోస్టాఫీసు బల్ల, దేన్నైనా ముందు కొట్టి చూడాల్సిందే. నా మొదటి చలికాలం అక్కడ దగ్గుతో గడిచింది. ఒకరోజు వెనక నుంచి వచ్చి, నా వీపు మీద రెండు చోట్ల కొట్టి, ఎడం పక్క నెమ్ముందండి, డాక్టరుగారికి చూపించుకోండి అన్నారు. అమలాపురం వెళ్తే ఆ డాక్టరు కూడా అక్కడే వేలితో కొట్టి, చెవుల్లో గొట్టం పెట్టుకుని విని, అదే మాట చెప్పాడు. ఆ సంగతి చెబితే మావయ్యగారు ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, ఆయనకి గొట్టం కూడా కావాల్సొచ్చిందాండీ అని అడిగారు.

ఊళ్లో ఎవరేం కొన్నా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఒకసారి ముమ్మిడివరంలో పెళ్లి సంబంధం చూడ్డానికి కూడా తీసుకెళ్లారు. ఆయన పెళ్లికొడుకుని సరిగా చూడనైనా చూడకుండా వాళ్ల అరుగు మీద స్తంభాన్ని కొట్టి చూసి, "బోలుగా ఉందండి" అని లేచి వచ్చేశారు. చెదలు తిన్నది స్తంభాన్ని గానీ పెళ్లికొడుకుని కాదు కదా అని ఎవరు చెప్పినా వినకుండా ఆడపిల్లవాళ్లు ఆ సంబంధం వదిలేసుకున్నారు. ఆ ఏటి గాలివానకి అరుగు కూలింది. పెళ్లికొడుకు మాత్రం నిక్షేపంలా ఉన్నాడనీ, ఇంకో అమ్మాయిని చేసుకుని హాయిగా కాపురం చేసుకుంటున్నాడనీ అత్తయ్యగారు చెప్పి నవ్వేవారు.

నా దగ్గర అప్పట్లో ఒక గిటారు ఉండేది. కాకినాడలో చదువుకునేటప్పుడు స్నేహితుడొకడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ నా మొహాన పడేసిన ఎర్రటి గిటారు అది. నాకు మూడు స్వరాల వరసలు వచ్చు. ఆ మూడింటితోనే ప్రపంచంలో ఉన్న పాటలన్నీ వాయించేవాణ్ణి. ఒక సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని వాయిస్తుంటే, పక్క వాటాలో గోడ మీద టక్కు టక్కుమని చప్పుడైంది. మర్నాడు పొద్దున్నే మావయ్యగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నిన్న సాయంత్రం ఆ మోత మీదేనాండీ?"

ఆయ్ అన్నాను, కాస్త గర్వంగానే. ఆయన లోపలికి వచ్చి, గిటారుని ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని, వీపు మీద కొట్టి, చెవి దగ్గర ఊపి, "లేతకాయండి. నీళ్లున్నాయి గానీ కొబ్బరి లేదండి" అని తేల్చేశారు. నా కాలేజీ రోజుల పేరు ప్రతిష్ఠలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. తర్వాత ఆయన చాలాసేపు నేల చూపులు చూసి, తనకి కూడా ఒక గిటారు కావాలనీ, నేను తోడొచ్చి చూసిపెట్టాలనీ అన్నారు. నేర్చుకుంటారా అని అడిగాను. "నేనెందుకండీ, మీరున్నారుగా" అన్నారు.

ఆ ఆదివారమే కాకినాడ బయల్దేరాం. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదారి దాటుతుండగా, పంటు మీద ఎవరూ వినకుండా, అసలు సంగతి చెప్పారు.

వాళ్ల పెద్దమ్మాయి పుట్టినప్పటి మాట. తొలి కాన్పుకి అత్తయ్యగారు పుట్టింటికి వెళ్లారు. నొప్పులు మొదలై ఎంతకీ తెమలకపోతే దగ్గర్లో ఉన్న మిషనాసుపత్రికి చేర్చారు. కబురందగానే ఈయన సైకిలు మీద పరిగెత్తారు. కానీ అత్తారి ఊళ్లో, పురిటిగది గుమ్మంలో అల్లుడు కాపలా కాస్తే నవ్వరా? అందుకని అత్తగారిని పిలిచి, ఎవరైనా అడిగితే నేను కొబ్బరితోటలో కాయల దింపుకి వెళ్లిపోయానని చెప్పండి అని, ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చుండిపోయారు. కూర్చున్నవారు మూడు రోజులు లేవలేదు. ఇద్దరిలో ఒకరే దక్కుతారని లోపల అనుకోవడం కూడా ఆయన చెవిన పడింది. రోజూ సాయంత్రం వరండా ఆ చివర దొరసానమ్మ ఒకావిడ గిటారు వాయించేదిట. గోధుమరంగుది, జారిన భుజాలది. మూడో సాయంత్రం ఆ మోత సగంలో ఉండగా నర్సు బయటికి వచ్చి, తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం అని చెప్పింది.

బాగానే ఉంది, దానికీ ఈ గిటారుకీ ఏమిటి సంబంధం అన్నాను.

"మీ అత్తయ్యగారికి నేనక్కడున్నట్టు తెలీదండి. దింపుకి పోయేననే ఇప్పటికీ అనుకుంటందండి" అన్నారు.

"ఇప్పుడు చెప్పెయ్యొచ్చు కదండీ?"

"ఇరవై ఏళ్లు దాటిపోయిందండి. ఇప్పుడు చెప్తే నమ్ముతాదాండీ? మాటదేముందండి, ఎవరైనా చెప్తారు. ఆ మోత దొరికితే వినిపించి, ఇదిగో ఇది నేనూ విన్నానని చెప్దామనండి."

సాక్షి కోసం గిటారు కొనే మనిషిని నేను మరొకరిని చూడలేదు. నవ్వొచ్చింది గానీ, ఆయన మొహం చూసి గోదారి వైపు తిరిగి నవ్వుకున్నాను.

కాకినాడ దుకాణంవాడు వాయించి చూడండి అన్నాడు. మావయ్యగారు ముందు కొట్టి చూడాలండి అన్నారు. పది గిటార్లని వరసగా బోర్లా పడుకోబెట్టి కొట్టుకుంటూ వెళ్లారు. ఒకదాన్ని ఊపితే లోపల ఏదో మేకు ఊడి గడగడలాడింది. "ఇది కురిడీ పట్టేసిందండి" అన్నారు. దుకాణంవాడికి కొబ్బరి భాష రాదు. కురిడీ అంటే ఏ దేశపు కంపెనీ అని నన్ను అడిగాడు. చివరికి ఒకటి పాసయితే నేను మీటాను. ఆయన కళ్లు మూసుకుని విని, "చివర్న కీచుమంటోందండి" అన్నారు. ఉత్తిచేతులతో తిరిగొచ్చేశాం. దారిలో ఆయన మాత్రం కాజాలు కొనుక్కుని చాలా హుషారుగా ఉన్నారు.

అలా మొదలైన తిరుగుడు ఏడేళ్లు సాగింది. ఏడాదికి ఒకటో రెండో ప్రయాణాలు. ఒక ఊళ్లో నైలాను తీగల గిటారు చూపిస్తే, ఇది గాలం దారమండి, దీంతో కొరమీనుని పట్టొచ్చు గానీ పాట రాదండి అన్నారు. రాజమండ్రిలో నేను తెలివిగా, స్టీలు తీగలది కావాలని ముందే చెప్పాను. వాళ్లు స్టీలు గిటారు అనుకుని, ఒళ్లో పడుకోబెట్టుకుని ఇనపకడ్డీతో రాసే రకం తెచ్చారు. బాసింపట్టు వేసుకుని కూర్చునే వాయిద్యం అని మావయ్యగారు సరదాపడ్డారు. దుకాణం యజమాని కడ్డీని ఈ చివర నుంచి ఆ చివరకి జార్చేసరికి ఆయన ఉలిక్కిపడి, "ఎవరో అత్తారింటికి వెళ్తూ ఏడుస్తున్నట్టుందండి, వద్దండి" అని లేచిపోయారు.

ప్రతి దుకాణంలోనూ అదే తంతు. కొట్టడం, ఊపడం, కళ్లు మూసుకుని వినడం, చివర్న కీచుమనడం. నాకు విసుగెత్తేది. సెలవు రోజున మంచం మీద పడుకుని నవల చదువుకోవాల్సిన వాణ్ణి, ఈయనతో రావులపాలెంలో బస్సు కోసం ఎండలో నిలబడేవాణ్ణి. మేం బయల్దేరినప్పుడల్లా అత్తయ్యగారు గుమ్మంలోకి వచ్చి నాతో ఒక మాట అనేవారు.

"ఈయనకి ఇల్లు పట్టదు బాబూ. నేను పురిట్లో చచ్చి బతుకుతుంటే కాయల దింపుకి పోయిన మనిషి."

నవ్వుతూనే అనేవారు. కానీ ఆ నవ్వు కింద ఏదో గట్టిగా ఉండేది. నేను మావయ్యగారి వంక చూసేవాణ్ణి. ఆయన చెప్పొద్దన్నట్టు కళ్లతో సైగ చేసి, చెప్పుల్లో కాళ్లు దూర్చుకునేవారు. ఒకసారి బస్సులో ఉండబట్టలేక, ఈ మాట పడుతూ ఎన్నాళ్లండీ, నేను చెప్పేస్తాను అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, మీరు చెప్తే మరీ అబద్ధంలా ఉంటుందండి అన్నారు. నిజమే అనిపించి ఊరుకున్నాను.

ఎనభైలు వచ్చాయి. నాకు శ్రీకాకుళం బదిలీ అయింది. పది రోజుల్లో చేరాలి. ఆయన కోసం అని పైకి చెప్పుకున్నాను గానీ, నిజానికి నాకే ఆ గిటారు దొరక్కుండా ఊరు వదలడం ఇష్టం లేదు. విజయవాడలో ఒక సందులో హార్మోనియాలూ ఫిడేళ్లూ బాగుచేసే ముసలాయన ఉన్నాడనీ, పాత నమూనా గిటార్లు సొంతంగా చేస్తాడనీ తెలిసింది. ఇదే ఆఖరిసారి అని మావయ్యగారితో గట్టిగా చెప్పి తీసుకెళ్లాను.

ఆ ముసలాయన దగ్గర ఒక్కటే సిద్ధంగా ఉంది. రైల్వే కాలనీలో ఎవరో మరమ్మతుకి ఇచ్చిన చాలా పాత గిటారు కొలతలు తీసుకుని చేశాడట. దాన్ని చూడగానే మావయ్యగారు నిలబడిపోయారు. చిన్న పొట్ట, సన్నటి నడుము, జారిన భుజాలు. నెమ్మదిగా కూర్చుని, బోర్లా తిప్పి, వేలితో కొట్టారు. తను చేసినదాన్ని కొడుతున్నందుకు ముసలాయన తిడతాడేమో అని నేను సర్దిచెప్పడానికి నోరు తెరిచాను. ముసలాయన తిట్టలేదు. తన వేలు కూడా మడిచి, గిటారు వీపు మీద ఇంకోచోట కొట్టి, "ఇక్కడ వినండి" అన్నాడు. మావయ్యగారు విని, ఆ పక్కన కొట్టారు. ముసలాయన తలూపి, అటకెక్కి చెక్క ముక్కలు దించి, వాటిని కూడా కొట్టి వినిపించాడు. అరగంట సేపు ఇద్దరూ టక్కు టక్కుమని కొట్టుకుంటూ కూర్చున్నారు. అసలు వాయించేవాణ్ణి నేనొకణ్ణి అక్కడ ఉన్నానన్న సంగతే ఇద్దరూ మర్చిపోయారు.

చివరికి నాకిచ్చారు. నేను మీటాను. నా ఎర్ర గిటారు మీద ఏడేళ్లుగా ఎంత రేకు చప్పుడు చేశానో అప్పుడర్థమైంది. మావయ్యగారు కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు.

"ముదురు కాయేనండి. కానీండి, చివర్న కీచుమంటోందండి."

ముసలాయన, సన్నతీగ సన్నగా మోగక మరెలా మోగుతుంది అన్నాడు. నాకు ఓపిక చచ్చిపోయింది. ఇదే కొంటారా, లేకపోతే నేనిప్పుడే స్టేషనుకి పోయి శ్రీకాకుళం రైలెక్కేస్తాను అని అరిచాను. ఆయన మీద గొంతెత్తడం నాకు అదే మొదలు, అదే చివర. ఆయన నొచ్చుకోలేదు. "ఆయ్, మీరు చెప్పినట్టేనండి" అని కొనేశారు. బస్సులో దాన్ని ఒళ్లోంచి దించలేదు. అలాగని దాన్ని కొట్టనూ లేదు. చేతులు రెండూ దాని మీద పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. సాక్షి దొరకలేదన్న దిగులు ఆయన మొహంలో తెలిసిపోతూనే ఉంది. నాకు చాలా సిగ్గనిపించింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. అత్తయ్యగారు నాక్కూడా అక్కడే అన్నం పెట్టారు. తిన్నాక ముగ్గురం అరుగు మీద చేరాం. ఆవిడ కొబ్బరాకులు ముందేసుకుని చీపుళ్లకి ఈనెలు తీస్తున్నారు. నేను గిటారు శ్రుతి చేసి, పైనుంచి కిందకి ఒకసారి మీటాను. మావయ్యగారు మంచిదేనండి అన్నారు. ఇక దాని గురించి మాట్లాడేది లేదన్నట్టు కండువా దులుపుకున్నారు.

అత్తయ్యగారు తలెత్తకుండానే అన్నారు: "మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రిలో దొరసానమ్మ దగ్గర అచ్చం ఇలాంటిదే ఉండేది బాబూ. దానికి రెండు తీగలు లేవు గానీ."

ఏ రెండండీ అని అడిగాను.

"కిందవి, సన్నవి. తెగిపోతే మళ్లీ ఓడ మీద రావాలంట. నా మంచానికి ఎదురుగా కిటికీ, అవతల వరండాలో అది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ తీగలు లెక్కపెట్టుకునేదాన్ని. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగే."

మావయ్యగారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. ఏడేళ్లు, ఇన్ని ఊళ్లు, ఇన్ని బస్సులు. 

"తీసెయ్యండి అబ్బాయిగారూ" అన్నారు.

కొత్త గిటారండీ అనబోయి మానేశాను. మరలు వదులుచేసి, సన్నవి రెండూ ఊడదీసి, మిగిలిన నాలుగింటినీ మీటాను. కీచు లేదు. గుమ్మటంలోంచి వచ్చినట్టు లోతుగా మోగి, అరుగంతా నిండి, నెమ్మదిగా ఆగింది. మళ్లీ మీటాను. మావయ్యగారు ఇదిగో అని చెప్తారని చూస్తున్నాను. ఏడేళ్లుగా ఆయన తయారుచేసుకున్న మాట అది. ఆయన మాత్రం కండువా మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చేశారు.

అత్తయ్యగారి చేతిలో కత్తి ఆగిపోయింది. "అదేంటండీ" అన్నారు. కాసేపటికి, "ఆ మోత మీకెలా తెలుసు? మీరు దింపుకి పోయేరు కదా" అన్నారు.

"పోలేదు."

"మా అమ్మ చెప్పింది."

"నేనే చెప్పమన్నాను."

"మరెక్కడున్నారు?"

"వెనక మెట్ల మీద."

"ఎన్నాళ్లు?"

"మూడు రోజులు."

ఆవిడ మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూశారు. నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను గానీ ఒళ్లో గిటారు ఉంది. ఒళ్లో ఈనెలన్నీ ఆవిడ ఒక్కొక్కటే పక్కన పెట్టారు. ఆవిడ ఏడుస్తారో, ఇన్నేళ్లు దాచినందుకు దులిపేస్తారో నాకు తెలియలేదు. చివరికి అడిగింది ఒకే ఒక మాట.

"మరి అన్నం?"

"అరటిపళ్లు తిన్నాను" అన్నారు మావయ్యగారు, తప్పు చేసినట్టుగా.

"మూడు రోజులూనా?"

ఆయన తలూపారు. అత్తయ్యగారు లేచి, కాళ్లు కడుక్కుని రండి అన్నారు. ఇప్పుడే కదండీ తిన్నాం, గంట కూడా కాలేదు అన్నాను నేను. మీరు ఊరుకోండి బాబూ అని లోపలికి వెళ్లి పొయ్యి రాజేసి, ఎసరు పెట్టారు. నాలుగున్నరకి మళ్లీ ఆకులు వేశారు. వేడన్నం, పప్పు, నెయ్యి. ఆయన తలొంచుకుని తిన్నారు. ఆవిడ రెండోసారి వడ్డించారు. తిన్నారు. మూడోసారి గరిటె పట్టుకొస్తుంటే ఆయన్ని చూసి నాకే భయమేసి, ఇక చాలండీ అత్తయ్యగారూ అన్నాను.

ఆవిడ నన్ను పట్టించుకోలేదు. ఆయన ఆకులో అన్నం వేసి, చేత్తో సర్ది, "ఇది మూడోరోజుది, తినండి" అన్నారు.